టెన్ స్పీడ్ ట్రక్కులో గేర్లు పడటం లేదు, కొంచెం చెప్పండి

అందరికీ నమస్తే. నేను అమెరికా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. సీడీఎల్ (పెద్ద కమర్షియల్ బండ్ల లైసెన్స్) పర్మిట్ వచ్చింది, ట్రక్ స్కూల్లో చేరాను. మాన్యువల్ కారు బాగానే నడుపుతాను కానీ ఈ టెన్ స్పీడ్‌లో, అంటే పది గేర్ల బండిలో, గేర్ మార్చబోతే గర్రుమంటోంది, ముఖ్యంగా కింద గేర్‌కి దించేటప్పుడు న్యూట్రల్‌లోనే ఇరుక్కుపోతున్నాను. ఇన్‌స్ట్రక్టర్ ఇంజన్ విను విను అంటాడు, ఏం వినాలో చెప్పడు. నడిపేవాళ్ళెవరైనా ఉంటే చెప్పరా?

-----

తమ్ముడూ, ముందు కారు అలవాటు పక్కన పెట్టు. కారు గేర్‌బాక్సులో సింక్రోనైజర్లు ఉంటాయి, స్పీడ్లు కలిపే పని అవే చూసుకుంటాయి. ఈ ఈటన్ ఫుల్లర్ కంపెనీ ట్రక్కు గేర్‌బాక్సుల్లో అవి ఉండవు, ఆ పని నువ్వే చెయ్యాలి, అందుకే డబుల్ క్లచ్. పైకి వెళ్ళేటప్పుడు క్లచ్ తొక్కి గేర్ న్యూట్రల్‌కి తియ్యి, క్లచ్ వదిలెయ్, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పడనివ్వు, మళ్ళీ తొక్కి పై గేర్ వెయ్యి. టెన్ స్పీడ్‌లో గేర్‌కీ గేర్‌కీ మధ్య తేడా సుమారు 300 నుంచి 400 ఆర్‌పీఎం, అంటే 1400 దగ్గర తీస్తే 1000, 1100 దగ్గర లోపలికి పోతుంది.

దించేటప్పుడు తిరగెయ్యి. 1000 దాకా తగ్గనిచ్చి న్యూట్రల్‌కి తీసి, క్లచ్ పూర్తిగా వదిలి, ఎక్స్‌లేటర్ ఒక్కసారి ఇచ్చి 1400 దాకా లేపి, అది పడిపోకముందే క్లచ్ తొక్కి గేర్ వెయ్యాలి. నువ్వు ఇరుక్కునేది కచ్చితంగా ఇక్కడే. కాలు క్లచ్ మీదే ఉంచి ఎక్స్‌లేటర్ ఇస్తే ఇంజన్ ఒక్కటే అరుస్తుంది, బాక్సు లోపల షాఫ్ట్‌కి ఆ స్పీడ్ అందదు, ఎంత తొక్కినా లాభం లేదు. వినమనేది దీన్నే, మీటర్ చూస్తే రోడ్డు మీద కళ్ళు ఉండవు కాబట్టి ఏ మోతకి ఏ ఆర్‌పీఎం అన్నది చెవికి పట్టాలి. స్పీడ్లు కలిస్తే లివర్ రెండు వేళ్ళతో జారిపోతుంది. గర్రుమంటే నెట్టకు.

ఇంకోటి, నడుస్తున్నప్పుడు క్లచ్ నేలదాకా తొక్కొద్దు. అడుగున ఉండేది క్లచ్ బ్రేక్, బాక్సు లోపల షాఫ్ట్‌ని ఆపేది, అది బండి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్‌కీ రివర్స్‌కీ మాత్రమే. రన్నింగ్‌లో తొక్కితే అది అరిగిపోతుంది, గేరూ పడదు.

-----

బ్రదర్ మీరు అడగలేదు గానీ ఇది తెలుసుకోకుండా ఫీజు మొత్తం కట్టకండి. టెస్ట్ ఆటోమేటిక్ ట్రక్కులో ఇస్తే లైసెన్స్ మీద ఇంగ్లిష్ 'E' అక్షరం పడుతుంది, దాని అర్థం మాన్యువల్ కమర్షియల్ బండి నడపకూడదని. క్లచ్ పెడల్ లేని ఆటోమేటెడ్ మాన్యువల్ కూడా రూల్ ప్రకారం ఆటోమేటిక్ కిందే లెక్క. నా విషయంలో ఏమైందంటే స్కూల్లో చేరేటప్పుడు మాన్యువల్ నేర్పిస్తాం, దానిమీదే టెస్ట్ అన్నారు, నేర్పించారు కూడా, తీరా టెస్ట్ పొద్దున వెళ్తే ఆ బండి రిపేర్‌లో ఉంది ఆటోమేటిక్ తీసుకో అన్నారు. నాకు వద్దు, ఇంకో డేట్ ఇవ్వండి అంటే మళ్ళీ డబ్బు కట్టాలి, డేట్ ఎప్పుడొస్తుందో తెలీదు అన్నారు, మేనేజర్ దగ్గరికి వెళ్తే ఆయన ఆఫీసుకి ఫోన్ చెయ్యమంటాడు, ఆఫీసుకి చేస్తే మేనేజర్‌తో మాట్లాడమంటారు. ఇంట్లో అద్దె కట్టాలి, ఉద్యోగం ఎదురుచూస్తోంది, ఇంకేం చేస్తాం, అదే బండిలో ఇచ్చాను. అక్షరం పడింది. తర్వాత అది తీయించుకోవడానికి మాన్యువల్ బండి నేనే వెతుక్కుని మళ్ళీ స్కిల్స్ టెస్ట్ ఇవ్వాల్సొచ్చింది. కాబట్టి టెస్ట్ ఏ బండిలో అన్నది రాసి ఇమ్మనండి. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా క్లాస్ ఏ (పెద్ద ట్రక్కు-ట్రైలర్) లైసెన్స్ తీసుకునేవాళ్ళు ఫెడరల్ ప్రభుత్వ ట్రైనింగ్ స్కూళ్ళ రిజిస్ట్రీలో ఉన్న చోటే ట్రైనింగ్ తీసుకోవాలి, మీ స్కూల్ పేరు అందులో ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

-----

> అందుకే డబుల్ క్లచ్

అన్నా, మన పాతవాళ్ళలో రోజంతా డబుల్ క్లచ్ కొట్టేవాళ్ళు ఎంతమంది? ఎక్స్‌లేటర్ కొద్దిగా వదిలి లోడ్ తీసేస్తే గేర్ క్లచ్ లేకుండానే బయటికొస్తుంది, ఆర్‌పీఎం కలిస్తే అలాగే లోపలికి పోతుంది. దీన్నే ఫ్లోటింగ్ అంటారు, తమ్ముడికి ఇది కూడా చెప్పాలి, ఆర్‌పీఎం కలవడం అంటే ఏంటో దానితోనే అర్థమవుతుంది.

-----

ఇప్పుడు చెప్పొద్దు సార్ దయచేసి. టెస్ట్‌లో ఎగ్జామినర్ క్లచ్ వాడుతున్నాడా లేదా అని చూస్తాడు, సింక్రో లేని బండిలో డబుల్ క్లచ్ చెయ్యాలని సీడీఎల్ మాన్యువల్ పుస్తకంలోనే ఉంది. చేతికి అలవాటైపోయాక టెన్షన్‌లో అదే వస్తుంది. లైసెన్స్ చేతికొచ్చాక ఎలాగైనా మార్చుకోనివ్వండి.

-----

నేను టెస్ట్ కోసం అన్లేదు, ఖాళీ యార్డ్‌లో ఒకసారి చేసి చూడమన్నాను. సరే, టెస్ట్ అయ్యాకే.

-----

తమ్ముడూ, ఈ ఇద్దరి వాదన అలా ఉంచి నీకు పనికొచ్చేది చెప్తాను. ఏ స్పీడ్‌కి ఏ గేరో గుర్తుండాలంటే అంకెలు కూడు. గంటకి 15 మైళ్ళ స్పీడ్‌కి ఒకటీ ఐదూ కూడితే ఆరు, అంటే ఆరో గేర్, 25కి ఏడు, 35కి ఎనిమిది, 45కి తొమ్మిది, 55కి పది. బండిని బట్టి అటూఇటూ అవుతుంది కానీ న్యూట్రల్‌లో ఇరుక్కున్నప్పుడు ఏ గేర్ వెతకాలో వెంటనే తడుతుంది. ఐదు నుంచి ఆరుకి వెళ్ళేటప్పుడు రేంజ్ బటన్ (లివర్ మీద ఉంటుంది, కింది ఐదు గేర్లకీ పై ఐదు గేర్లకీ మధ్య మార్చేది) ఐదులో ఉండగానే పైకి లేపెయ్, లివర్ న్యూట్రల్ దాటేటప్పుడు రేంజ్ దానంతటదే మారుతుంది, ఆరు అంటే మళ్ళీ ఒకటి ఉన్న చోటే. ఆరు నుంచి ఐదుకి వచ్చేటప్పుడు ఆరులో ఉండగానే కిందికి నొక్కు.

దిగుడు ముందు మాత్రం, ఇంకా కొండ పైన ఉండగానే గేర్ దించేసుకో. స్పీడ్ ఎక్కాక దించబోతే కింద గేర్ పడదు, తీసిన గేర్ కూడా మళ్ళీ పడకపోవచ్చు, అప్పుడు ఇంజన్ బ్రేకింగ్ (గేర్‌లో ఉన్న ఇంజన్ బండిని పట్టి ఉంచడం) మొత్తం పోయి బ్రేకులే గతి.

-----

అక్కా, ఎక్కిన గేర్‌లోనే దిగాలి అన్న లెక్క చాలు కదా, ఇన్నేళ్ళూ అలాగే నడిపాం.

-----

అది పాత బండ్ల లెక్క అన్నా. ఇప్పటి ట్రక్కులకి గాలి అడ్డు తక్కువ, ఇంజన్ పవర్ ఎక్కువ, పెద్ద గేర్‌లోనే ఎక్కేస్తాయి, అదే గేర్‌లో దిగితే ఆపలేం. ఎక్కిన దానికన్నా కింద గేరే పెట్టుకోవాలి. బ్రేక్ కూడా పట్టుకుని కూర్చోకుండా, 40 సేఫ్ స్పీడ్ అనుకుంటే 40కి రాగానే గట్టిగా తొక్కి 35కి తెచ్చి వదలాలి, మళ్ళీ 40 అయితే మళ్ళీ.

-----

అన్నలకీ అక్కకీ చాలా థాంక్స్. క్లచ్ వదలకుండానే ఎక్స్‌లేటర్ ఇస్తున్నాను, పాయింట్ అదే అనిపిస్తోంది. ఒక డౌట్, స్టాప్ దగ్గర నుంచి కదిలేటప్పుడు ఎక్స్‌లేటర్ ఇవ్వాలా?

-----

సాఫు రోడ్డు మీద వద్దు తమ్ముడూ. చిన్న గేర్ వేసి క్లచ్ మెల్లగా వదులు, డీజిల్ ఇంజన్ ఐడిల్‌లోనే లాగుతుంది. క్లచ్ పూర్తిగా వదిలాకే ఎక్స్‌లేటర్. రైలు పట్టాలు దాటుతున్నప్పుడు అసలు గేర్ మార్చకు, దాటేదాకా సరిపోయే గేర్ ముందే వేసుకో.