1991 నాటి చీరాల చేనేత కుటుంబాల జ్ఞాపకాలు కావాలి

అందరికీ నమస్కారం. చీరాల వైపు ఒక చేనేత ఇంటి కథను నవలగా రాస్తున్నాను. కాలం 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి 1991 దాకా. నూలు ధర పెరిగి, నేసిన బట్ట అమ్ముడుపోక, ఆ ప్రాంతంలో ఆకలిచావులు జరిగిన ఏడాది అది.

కథ చెప్పేది పదేళ్ల పిల్ల. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, పరిచి గంజి పెడుతుంటే, తడి నూలు కింద నుంచి దూరి అవతలికి పరుగెత్తడం ఆమెకు పండగే. నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. నాన్న గుంట మగ్గంలోంచి లేవడు. ఇంతవరకూ బాగానే వస్తోంది.

ఆగిపోయింది ఆ తర్వాతే. నూలు రాని రోజుల్లో మగవాళ్లు ఇంట్లో ఏం చేసేవారు? నూలిచ్చి నేయించుకునే షావుకారు దగ్గర బాకీ ఎలా తీర్చేవారు, ఆయనే కూలిలో కోసుకునేవాడా? రేషన్ బియ్యం అయిపోయాక నెలాఖరున పొయ్యి మీద ఏం ఉడికేది? ముందు ఏ సామాను తాకట్టుకు పోయేది? ఇవి పుస్తకాల్లో దొరకవు. మీ అమ్మనో తాతనో అడిగి చెప్పగలరా? చిన్న సంగతైనా చాలు.

రాసేవాళ్లకు ఇంకో ప్రశ్న. పిల్ల సంతోషం నిజమే, పెద్దవాళ్ల ఆకలీ నిజమే. ఒకటి రెండోదాన్ని కప్పేయకుండా ఎలా రాయాలి? ఆ పిల్ల గొంతులోనే ఉంచనా, కొన్ని అధ్యాయాలు అమ్మ చేత చెప్పించనా?