రోజూ ప్రతిజ్ఞ చెప్పిస్తున్నాం. మధ్యాహ్నం భోజనాల బంతి దగ్గర ఆ మాట ఏమవుతోంది?

ప్రశ్న: సాంఘిక శాస్త్రం టీచర్, ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదహారేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. కొన్ని వారాలుగా నన్ను వదలకుండా వెంటాడుతున్న ఒక విషయాన్ని ఇక్కడున్న ఉపాధ్యాయుల ముందు, తల్లిదండ్రుల ముందు పెట్టాలనిపించింది.

మా బడిలో ఈ ఏడాది ప్రార్థన సమయంలో ప్రతిజ్ఞ చెప్పించేది ఎనిమిదో తరగతి అమ్మాయి. "భారతీయులందరూ నా సహోదరులు" అని ఆమె ఖంగుమనే గొంతుతో అనగానే మూడు వందల మంది చేతులు చాచి ఆ మాటే తిరిగి పలుకుతారు. చైనా యుద్ధం జరిగిన 1962లో మన నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ తెలుగులో రాసిన మాటలవి. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా తమతమ భాషల్లో పిల్లలు వాటిని పలుకుతున్నారు. ఈ సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకు గర్వంగానే ఉంటుంది.

మొన్న ఒక మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో నిలబడి చూశాను. గోడ వారగా ఒక వాడ పిల్లలు, మెట్ల దగ్గర మరో వాడ పిల్లలు, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకున్న ఐదారుగురు విడిగా తరగతి గదిలో కూర్చున్నారు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడు ఒకడు కంచం పట్టుకుని, మెట్ల దగ్గర ఖాళీ కనిపించి అక్కడ కూర్చోబోయాడు. పక్కనున్న పెద్ద పిల్లవాడు ఒక్క మాట కూడా అనలేదు. తన కంచాన్ని జానెడు దూరం జరుపుకున్నాడు, అంతే. చిన్నవాడికి ఆ జానెడు అర్థమైంది. లేచి గోడ దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ తర్వాతి వారం జరిగినది. యూనిట్ పరీక్షలో రాజ్యాంగం 17వ అధికరణ దేనికి సంబంధించినదని అడిగితే, కంచం జరుపుకున్న ఆ పిల్లవాడు అస్పృశ్యతా నిషేధం గురించి తప్పు లేకుండా నాలుగు వాక్యాలు రాశాడు. నేను వాడికి పూర్తి మార్కులు వేశాను. వేస్తూ, నేను వాడికి ఇన్నాళ్లూ నేర్పినదేమిటని ఆలోచనలో పడ్డాను. చదువు పిల్లల మనసును, నడతను నిజంగా తీర్చిదిద్దుతుందా, లేక అడిగినప్పుడు అప్పజెప్పడానికి కావలసిన మంచి మాటలను మాత్రమే అందిస్తుందా? మీ బడుల్లో, మీ ఇళ్లలో చూసినది రాయండి.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి

అమ్మా, మీరు చెప్పిన ఆ జానెడు దూరం నేను కూడా చూశాను. మన రాష్ట్రంలో బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టడం 2003 జనవరిలో మొదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వంటవారిని నియమించేటప్పుడు దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించింది. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఒక ఊళ్లో ఆ ప్రకారమే మాలపల్లి నుంచి ఒకావిడను వంటకు పెట్టుకున్నాం. వారం తిరగకముందే నలభై మంది పిల్లలు క్యారేజీలతో రావడం మొదలైంది. అడిగితే ఒకడికి కడుపునొప్పి, ఇంకొకడికి సాంబారు పడదు.

నేను మొదట చేసిన పని ప్రార్థనలో ఉపన్యాసం ఇవ్వడం. గాంధీజీ గురించి, అంబేడ్కర్ గారి గురించి అరగంట మాట్లాడాను. మర్నాడు క్యారేజీలు రెండు పెరిగాయి. అప్పుడు తోటి ఉపాధ్యాయులను కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను: మనం ఎక్కడ తింటున్నాం? అందరం స్టాఫ్ రూములో తలుపు దగ్గరగా వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు విప్పుకుంటున్నాం. వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధనను కూడా సంతకంతో సరిపెట్టేవాళ్లం. పిల్లలు నా ఉపన్యాసం వినలేదనుకున్నాను గానీ, వాళ్లు మా తలుపును చూస్తూనే ఉన్నారు.

ఆ సోమవారం నుంచి ఏడుగురం ఉపాధ్యాయులం పిల్లల బంతిలో కూర్చుని ఆవిడ వండిన అన్నమే తిన్నాం. పిల్లలను హాజరు పట్టీలోని వరుస సంఖ్య ప్రకారం కూర్చోబెట్టాం. ఎందుకని అడిగినవాళ్లకు "లెక్క తేలికవుతుంది" అని మాత్రమే చెప్పాం. పెద్దలు కొందరు బడికి వచ్చి గట్టిగానే మాట్లాడారు, ఇద్దరు పిల్లల్ని వేరే బడికి మార్చారు కూడా. మేం వెనక్కి తగ్గలేదు. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో కులం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత క్యారేజీలు నాలుగో ఐదో మిగిలాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిరంతర సమగ్ర మూల్యాంకనం (ఏడాది పొడవునా పిల్లల చదువుతో పాటు నడతనూ అంచనా వేసే పద్ధతి) వచ్చాక "విలువల విద్య, జీవన నైపుణ్యాలు" అన్నదానికి కూడా గ్రేడు వేయమన్నారు. ఆ గడి ఏడాది చివర ఒక్క సాయంత్రంలో నిండిపోయేది. లెక్కల్లో ఏ గ్రేడు వచ్చిన పిల్లవాడికి విలువల్లోనూ అదే గ్రేడు పడేది. అలా సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

జవాబు 2: బి.ఎడ్. కళాశాల అధ్యాపకురాలు, వరంగల్

మాస్టారు చెప్పిన వరుస సంఖ్య ఉపాయం నన్ను ఆశ్చర్యపరిచింది, ఎందుకంటే దానికి చాలా దగ్గరగా ఉన్న ఒక పరిశీలన ఢిల్లీలో జరిగింది. 2007లో అక్కడి ప్రభుత్వం పేరున్న ప్రైవేటు పాఠశాలలు చాలావాటికి పేద కుటుంబాల పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వాలన్న షరతు పెట్టింది. అలా పేద పిల్లలతో కలిసి చదివిన సంపన్న పిల్లలకూ, వాళ్లకంటే పై తరగతుల్లో ఉండి ఆ అవకాశం లేని సంపన్న పిల్లలకూ తేడా ఏమిటని ఆర్థికశాస్త్రవేత్త గౌతమ్ రావు పరిశీలించారు. ఆ పత్రం 2019లో వెలువడింది. కలిసి చదివిన పిల్లల్లో దానగుణం, సేవకు ముందుకు రావడం పెరిగాయి. రిలే పరుగు పందానికి జట్టు సభ్యుణ్ణి ఎంచుకోమన్నప్పుడు, వేగంగా పరిగెత్తే పేద పిల్లవాణ్ణి కాదని నెమ్మదిగా పరిగెత్తే ధనిక పిల్లవాణ్ణి ఎంచుకోవడం వాళ్లలో తక్కువ. కొన్ని బడుల్లో పేర్ల అక్షర క్రమంలో పిల్లల్ని చిన్న బృందాలుగా విడదీస్తారు. అలా యాదృచ్ఛికంగా పక్కపక్కన పడినవాళ్లను చూసినప్పుడు, మార్పులో ఎక్కువ భాగం పక్కన కూర్చుని కలిసి పనిచేయడం వల్లనే వచ్చిందని తేలింది.

అలాగని తరగతిలో చెప్పే మాటలు దండగ అనను. హర్యానాలో నాలుగు జిల్లాల్లోని 314 ప్రభుత్వ పాఠశాలలను తీసుకుని, వాటిలో దాదాపు సగం బడుల్లో ఆడపిల్లలు, మగపిల్లల సమానత్వం గురించి రెండున్నరేళ్ల పాటు నలభై ఐదు నిమిషాల తరగతులు నడిపారు. అవి ఉపన్యాసాలుగా సాగలేదు. మీ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు, ఎందుకు అని అడిగి పిల్లల చేతనే మాట్లాడించారు. పిల్లల అభిప్రాయాలు మారాయి, ఇంటి పనిలో చేయి వేస్తున్నామని చెప్పిన మగపిల్లల సంఖ్య పెరిగింది. తరగతులు ఆగిపోయిన రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు నిలిచింది. ఆడపిల్లల ఆశయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లకు పైచదువు చదవాలన్న కోరిక ముందు నుంచే ఉంది.

మా విద్యార్థి ఉపాధ్యాయులు భావావేశ రంగంలోని మెట్లను, అంటే ఒక విలువ పిల్లల మనసులో నాటుకునే దశలను, వరసగా అప్పజెబుతారు: గ్రహించడం, ప్రతిస్పందించడం, విలువ కట్టడం, ఆపైన మరో రెండు. ప్రతిజ్ఞను చేయి చాచి తిరిగి పలకడం రెండో మెట్టు. మూడో మెట్టు ఎక్కాలంటే పిల్లవాడు తన ఇష్టంతో, ఎంతో కొంత నష్టానికి సిద్ధపడి, ఒక పని చేయాలి. అలాంటి సందర్భం బడిలో ఏడాది పొడవునా ఒక్కటి కూడా రాకపోతే వాడు రెండో మెట్టు మీదే నిలబడిపోతాడు. మేడమ్, మీ ఎనిమిదో తరగతి అమ్మాయి కూడా అక్కడే నిలబడి ఉందని నా అభిప్రాయం. ఆమెను తప్పుపట్టలేం.

జవాబు 3: ఒక తల్లి, విజయవాడ

మీరందరూ బంతి గురించి రాశారు. నేను మార్కుల గురించి రాస్తాను. మా అబ్బాయి ఇంటర్మీడియట్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. అక్కడ ప్రతి వారం పరీక్ష, ఆ మార్కులను బట్టి సెక్షన్ మార్పు. మొదటి సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కొత్త బెంచీలు. చివరి సెక్షన్‌కు మిగిలినవి. మా వాడి పక్క మంచం అబ్బాయికి జ్వరమొచ్చి నాలుగు రోజులు తరగతికి వెళ్లలేకపోయాడట. నోట్సు అడిగితే మా వాడు ఇవ్వలేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి నాతో మామూలుగా, అన్నం కలుపుకుంటూ చెప్పాడు: "ఇస్తే వాడు నా సెక్షన్‌కు వస్తాడమ్మా, నేను కిందికి పోతాను."

చిన్నప్పుడు చాక్లెట్ దొరికితే కొరికి సగం చెల్లెలికి ఇచ్చిన పిల్లవాడు వాడు. వాణ్ణి ఎవరూ స్వార్థపరుడివి కమ్మని చెప్పలేదు. ఆ ఏర్పాటులో నోట్సు ఇచ్చినవాడు నష్టపోతాడు, దాచుకున్నవాడు నిలబడతాడు. రెండేళ్లు ప్రతి వారం అదే పాఠం. ఆ కాలేజీకి ఫీజు కట్టిందీ, వారం వారం ఫోన్ చేసి "ఏ సెక్షన్‌రా?" అని అడిగిందీ నేనే. ఉపాధ్యాయుల మీదే భారం వేయకండి. మేం ఏది అడుగుతామో బడి అదే అమ్ముతుంది.

జవాబు 4: గురుకుల పూర్వ విద్యార్థి, ప్రస్తుతం బెంగళూరు

నేను తెలంగాణలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాను. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమైన నాటి నుంచి ఈ బడులు ఎంతోమంది జీవితాలను మార్చాయి, వాళ్లలో నేనొకణ్ణి. మా బడిలో దేశ ప్రతిజ్ఞతో పాటు మరో మాట కూడా రోజూ పలికేవాళ్లం: "నేను ఎవరికీ తక్కువ కాదు." ఆ మాట నాలో నాటుకోవడానికి కారణం, దాని వెనుక కంటికి కనిపించే పనులు ఉండడమే. 2014 మే 25న మాలాంటి గురుకులంలోనే చదివే మలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. వార్త తెలిసిన రోజు మా హాస్టల్లో ఎవరూ నిద్రపోలేదు. ప్రతిజ్ఞలోని మాటకు అప్పుడు ఒక ముఖం వచ్చింది.

అయితే ఢిల్లీ పరిశీలన చదివాక ఒక సంగతి చెప్పక తప్పదు. మా బంతిలో ఎవరూ కంచం జరుపుకోలేదు, ఎందుకంటే జరుపుకునేవాళ్ల పిల్లలు అక్కడ చాలా తక్కువ. కంచం జరగడం నేను మొదటిసారి చూసింది ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో, పద్దెనిమిదేళ్ల వయసులో. నాకు తల ఎత్తుకుని నిలబడడం గురుకులం నేర్పింది. అటువైపు కుర్రాడికి పక్కకు జరగకుండా కూర్చోవడం ఏ బడి నేర్పాలి? మా ఊళ్లో ఉదయం ఏడున్నరకు పసుపు పచ్చ బస్సు వచ్చి, ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లల్ని టౌనుకు తీసుకుపోతుంది. ఊరి బడిలో మిగిలేది మా వాడ పిల్లలే. మాస్టారూ, మీ వరుస సంఖ్యలో ఇప్పుడు ఎవరి పక్కన ఎవరు పడతారు? విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్నది 2009లో. ఆ నిబంధన అన్నిచోట్లా నిజంగా అమలై ఉంటే నాకు ఆ హాస్టల్ అనుభవం ఎదురయ్యేది కాదేమోనని అనిపిస్తుంది.

జవాబు 5: సాంఘిక శాస్త్రం టీచర్ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

మా హెడ్మాస్టారుతో మాట్లాడి వరుస సంఖ్య ప్రకారం కూర్చోబెట్టడం మొదలుపెట్టాం. ఉపాధ్యాయులం పదకొండు మందిలో ఆరుగురం బంతిలో కూర్చుంటున్నాం, మిగతావారిని బలవంతపెట్టలేదు. బెంగళూరు నుంచి రాసిన తమ్ముడు చెప్పినది మా బడికి కొంతవరకు నిజమే. మా ఊరి నుంచి కూడా రెండు బస్సులు వెళ్తాయి. అయినా మిగిలిన పిల్లల మధ్య కూడా ఆ జానెడు దూరం ఉంది కాబట్టి, చేయగలిగినది ఇక్కడి నుంచే చేస్తున్నాను.

యూనిట్ పరీక్షలో ప్రశ్న మార్చాను. అధికరణ సంఖ్య అడగడం మానేసి, "మన బడిలో ఈ అధికరణకు విరుద్ధంగా నువ్వు చూసినది ఒకటి రాయి" అని అడిగాను. సగం మంది ఖాళీగా వదిలేశారు. ప్రతిజ్ఞ చెప్పించే అమ్మాయి మాత్రం కుళాయి దగ్గర గ్లాసుల గురించి పేజీన్నర రాసింది. అందులో ఉన్న సంగతి నాకు ఇన్నేళ్లుగా తెలియదు.

కంచం జరిపిన పిల్లవాడు నాలుగు రోజులు బంతిలో కూర్చుని, ఐదో రోజు నుంచి భోజనం మానేశాడు. నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి లోపలి నుంచి రాలేదు. నానమ్మ అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. పిల్లవాడు మధ్యాహ్నం ఆకలితో ఉంటున్నాడని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీరు కూడా అక్కడే తింటున్నారా టీచరమ్మా?" అని అడిగింది. తింటున్నానని చెప్పాను. "సోమవారం పంపిస్తాలే, చూద్దాం" అంది.