టమాటా ఆకులు ముడుచుకుంటున్నాయి, కాయ అడుగు నల్లబడుతోంది, ఏం చెయ్యాలో చెప్పండి

బెజవాడ డాబా:
అందరికీ నమస్కారం అండి. మాది విజయవాడ, డాబా మీద ఆరు గ్రో బ్యాగుల్లో టమాటా వేశాను, నారు దగ్గర్లో నర్సరీలో కొన్నదే. సంక్రాంతి దాకా చెట్లు ఎంత బాగున్నాయో, ఫిబ్రవరి వచ్చేసరికి ఒక్కొక్క గొడవా మొదలైంది. నాలుగు చెట్లకి కింది ఆకులు పైకి చుట్టుకుని గట్టిగా, దళసరిగా అయిపోయాయి, రంగు మాత్రం పచ్చగానే ఉంది. రెండు చెట్లకి పైన చిగురే ముడుచుకుపోయి చిన్న చిన్న ఆకులొస్తున్నాయి, అంచులు పసుపు, చెట్టు కూడా ఎదగట్లేదు. పోనీ కాయలున్నాయి కదా అనుకుంటే కాయ అడుగున రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ పడి లోపలికి నొక్కుకుపోతోంది. పక్క ఫ్లాట్ పిన్నిగారు గుడ్డు పెంకులు వెయ్యమన్నారు, ఎరువుల షాపులో ఏదో మందిచ్చారు, ఇంకా కొట్టలేదు. ఏం చెయ్యమంటారు?

గుంటూరు రైతుబిడ్డ:
కొట్టకపోవడమే మంచిదయ్యింది. మీరు చెప్పినవి ఒక జబ్బు కాదండీ, మూడు వేరు వేరు సంగతులు. ఫొటో లేకపోయినా ఫర్లేదు, వివరంగానే రాశారు. ఆ రెండు చెట్లనీ ఒకసారి చేత్తో తట్టి చూడండి, తెల్లటి చిన్న దోమలు లేస్తున్నాయా?

బెజవాడ డాబా:
ఇప్పుడే చూసొచ్చా. లేస్తున్నాయండి! పిండి చల్లినట్టు లేచి మళ్ళీ ఆకు కిందకే వెళ్ళి కూర్చుంటున్నాయి.

కూకట్‌పల్లి మిద్దెతోట:
అయితే ఆ రెండింటికీ ఆకుముడత వైరస్సే. తెల్లదోమ రసం పీల్చి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి అంటిస్తుంది, మీ మిరప వాళ్ళు బొబ్బర అంటారు చూడండి, అట్లాంటిదే. వచ్చాక మందు లేదు, ఎంత ఖరీదైంది కొట్టినా ఆ చెట్టు బాగుపడదు, ఉంచితే మిగతా నాలుగింటికీ ఎక్కిస్తుంది. పీకెయ్యండి.

మిగతా నాలుగూ వైరస్ కాదు, కంగారు పడకండి. గుర్తు ఏంటంటే ముడత ఎక్కడ మొదలైంది అని చూడాలి. వైరస్ అయితే పై చిగుర్లో కనపడుతుంది, ఆకు చిన్నదవుతుంది, పసుపెక్కుతుంది. కింది ముదురాకులు పైకి చుట్టుకుని పచ్చగా దళసరిగా ఉంటే అది ఎండ దెబ్బ, నీళ్ళ తేడా, లేకపోతే ఒక్కసారే కొమ్మలు ఎక్కువ కత్తిరించినా అవుతుంది. చెట్టు నీళ్ళు పోకుండా తన జాగ్రత్త తను పడుతుందంతే. ఆ ఆకులు మళ్ళీ విప్పుకోకపోవచ్చు కానీ కాపుకేం నష్టం లేదు. చాలామంది ఇది చూసి వైరస్ అనుకుని మంచి చెట్లు పీకేస్తుంటారు, నాకు అదే బాధ.

అమలాపురం అక్క:
పీకే ముందు పుల్ల మజ్జిగలో ఇంగువ కలిపి కొట్టి చూడమ్మా, మా అత్తగారి కాలం నుంచి మేం అదే కొడతాం.

కూకట్‌పల్లి మిద్దెతోట:
అక్కా, మజ్జిగ కొడితే కొట్టనివ్వండి, చెట్టుకి హాని లేదు, కానీ వైరస్ పట్టిన చెట్టు మజ్జిగకి తగ్గదు. ఆ వారం రోజుల్లో దోమ పక్క చెట్లకి పోతుంది.

బెజవాడ డాబా:
సరే పీకేస్తా. ఊరికే లాగేస్తే చాలా? ఆ మట్టి కూడా పారెయ్యాలా?

గుంటూరు రైతుబిడ్డ:
ఊరికే లాగారా, దోమంతా లేచి పక్క చెట్ల మీద వాలుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు దోమ చురుగ్గా ఉండదు, అప్పుడు పెద్ద ప్లాస్టిక్ కవరు చెట్టు పైనుంచి మెల్లిగా తొడిగి మొదట్లో కట్టేసి, ఆ తర్వాత వేళ్ళతో సహా పీకండి. కవరు అలాగే రెండు మూడు రోజులు ఎండలో పడేస్తే లోపల దోమా పిల్లలూ అన్నీ చస్తాయి. మట్టి పారెయ్యక్కర్లేదు, ఈ వైరస్ మట్టిలో ఉండదు. కాకపోతే అందులో మళ్ళీ టమాటా, వంగ, బెండ పెట్టొద్దు, దోమకి అవంటే ఇష్టం. తోటకూర చల్లేసుకోండి, ఎండాకాలంలో కూడా బాగా వస్తుంది.

మిగిలిన చెట్లకి పసుపు రంగు జిగురు అట్టలు చిగురు ఎత్తులో కట్టండి. వేపనూనె లీటరు నీళ్ళకి 5 మి.లీ., నీళ్ళలో కలవడానికి కొంచెం కుంకుడు రసం, సాయంత్రం ఎండ పోయాక వారానికోసారి. ఒక్క ముక్క గట్టిగా చెప్తున్నా, ఆకు అడుగున తడవాలి. అందరూ నిలబడి పైనుంచి కొట్టి వేపనూనె పనిచెయ్యలేదంటారు, పురుగేమో కింద హాయిగా ఉంటుంది. ఆకు తిప్పి చూస్తే కదలకుండా అంటుకుని లేత రంగు చుక్కల్లా కనపడతాయి, అవే దోమ పిల్లలు.

బెజవాడ డాబా:
చాలా థాంక్స్ అండి. మరి కాయ అడుగున నల్ల మచ్చ? గుడ్డు పెంకులు వెయ్యనా?

కూకట్‌పల్లి మిద్దెతోట:
అది తెగులూ కాదు పురుగూ కాదు, కాయకి కాల్షియం అందకపోవడం. పిన్నిగారు చెప్పింది అందుకే, కానీ పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకి అక్కరకు రావు. పైగా చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, కాయ దాకా వెళ్ళదు. అది నీళ్ళతో పాటే వేరు నుంచి పైకెక్కాలి, ఎండలో ఆ నీళ్ళన్నీ ఆకులే లాగేసుకుంటాయి, మధ్యలో మట్టి ఒకరోజు ఎండిపోయి ఇంకోరోజు బురదయిందంటే కాయకి అసలే అందదు. ఆకుల మీద కాల్షియం కొట్టినా అక్కడి నుంచి కాయకి దిగదు. మీరు నీళ్ళెలా పోస్తున్నారు? బ్యాగు సైజెంత?

బెజవాడ డాబా:
12 అంగుళాల బ్యాగులు. ఆఫీసు ఉన్న రోజు రాత్రి వచ్చాక పోస్తా, ఒక్కోసారి కుదరదు, మర్నాడు రెండింతలు పోసేస్తా. ఎదుగుదల లేదని మొన్న కొంచెం యూరియా కూడా వేశా.

కూకట్‌పల్లి మిద్దెతోట:
ఇంకేముంది, జవాబు మీరే రాసేశారు. యూరియా ఆపెయ్యండి, ఆకు విపరీతంగా పెరిగి కాయకి ఇంకా తక్కువ అందుతుంది. నీళ్ళు పొద్దున్నే పొయ్యండి, వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూసి తడి తగిలితే వద్దు, లేకపోతే బ్యాగు అడుగు నుంచి కారేదాకా. మట్టి మీద రెండంగుళాల మందం వరిగడ్డో ఎండాకులో పరవండి, సగం సమస్య దాంతోనే తీరుతుంది. మచ్చ పడిన కాయలు తెంపెయ్యండి, మిగతా భాగం బాగుంటే కోసి పప్పులో వేసుకోవచ్చు. వచ్చేసారి 15 అంగుళాల బ్యాగు తీసుకోండి.

ఇంకోటి, మార్చిలో పూత రాలిపోతే మళ్ళీ భయపడి మందులు కొనకండి. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు, షేడ్ నెట్ కడితే కొంచెం మేలు, అంతకుమించి మన చేతిలో లేదు.

అమలాపురం అక్క:
మరి ఈ ముడత అసలు రాకుండా ఏ రకం వేసుకోవాలో కూడా చెప్పు బాబూ.

గుంటూరు రైతుబిడ్డ:
బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళవి అర్క రక్షక్, అర్క సామ్రాట్ అని ఉన్నాయక్కా, ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటాయి. హైబ్రిడ్లు కాబట్టి కాయలోంచి తీసిన విత్తనం మళ్ళీ వేస్తే అదే లక్షణం రాదు, ప్రతిసారీ కొనాలి. తట్టుకునే రకమైనా నారు దశలో దోమ పడకుండా చూసుకోవాలి, చిన్నప్పుడే అంటితే కాపే ఉండదు. మామూలు దోమతెర కన్నాల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది, షాపులో 40 మెష్ నైలాన్ నెట్ అని అడిగి నారు ట్రే మీద కట్టండి.

బెజవాడ డాబా:
రెండూ కవరు కట్టి పీకేశానండి. జిగురు అట్టలు కట్టా, సాయంత్రానికే బోలెడు అంటుకున్నాయి. వరిగడ్డి మాకు దొరకదు, కొబ్బరి పీచు పరిచినా ఫర్లేదా?

కూకట్‌పల్లి మిద్దెతోట:
బ్రహ్మాండంగా. కాకపోతే కాండానికి ఆనించకండి, చుట్టూ రెండు వేళ్ళ సందు వదిలెయ్యండి.