యార్డులో ట్యాంకు పని: సేఫ్టీ ఫైల్లో నిజంగా ఏమేం ఉండాలి?

గాజువాక_ఫ్యాబ్:
విశాఖలో ఓడల రిపేరు చేసే చిన్న కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్ని. 14 మందిమి. వచ్చే సోమవారం బల్లాస్ట్ ట్యాంకులో (ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకు) ప్లేట్లు మార్చే పని. యార్డు సేఫ్టీ వాళ్లు ఫైలు అడిగారు. మా ఓనరేమో "పాత ఫైలు జిరాక్స్ తీసి తేదీలు మార్చేయ్, ఓడకి ఫ్యాక్టరీ చట్టం ఏంటి" అంటున్నాడు. నిజమేనా?

మల్కాపురం_పాతకాపు:
ఓడ కట్టడం, రిపేరు, విరగ్గొట్టడం అన్నీ 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి బాబూ. ట్యాంకులో మనిషి దిగాలంటే సెక్షన్ 36 చూడు. కాంపిటెంట్ పర్సన్, అంటే ఆ పరీక్షకి అర్హత ఉన్న మనిషి, తనే టెస్టు చేసి, ప్రమాదకరమైన గ్యాసు లేదని రాసి సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా దిగేవాడికి బ్రీతింగ్ సెట్టు, బెల్టు, తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొస బయటున్న మనిషి చేతిలో ఉండాలి, నిచ్చెనకి కట్టేసి టీకి పోతే కుదరదు.

కోడ్_చూడండి:
పెద్దాయనా, ఆ చట్టం స్థానంలో 2020 వృత్తి భద్రతా కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమలు. యార్డు దగ్గర తాజా ఫారాలే అడిగి తీసుకోండి.

మల్కాపురం_పాతకాపు:
సెక్షన్ నంబరు మారితే ట్యాంకులో గాలి మారుతుందా నాయనా! ఫారం కొత్తది తీసుకోమను, టెస్టు మాత్రం పాత పద్ధతిలోనే చెయ్యమను.

రిగ్గర్_శ్రీను:
బరువులెత్తే చైన్ బ్లాకుల సంగతి మరిచిపోకన్నా. 12 నెలలకోసారి పరీక్ష చేయించి రిజిస్టర్లో ఎక్కించాలి. బ్లాకు మీద పంచ్ కొట్టిన నంబరు, సర్టిఫికెట్లో నంబరు ఒకటే ఉండాలి. మావి కలవక ఏడు బ్లాకులు గేటు దగ్గరే ఆపేశారు.

నార్ఫోక్_నుంచి:
నేను అమెరికాలో షిప్‌యార్డు సేఫ్టీలో ఉన్నానండి. ఇక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా రూలు ప్రకారం ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, 22 దాటినా, మండే ఆవిరి ఎల్‌ఈఎల్‌లో (గాలిలో అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు) 10 శాతానికి చేరినా మామూలుగా లోపలికి పంపకూడదు. రీడింగ్ కాగితం పని జరిగే చోటే కనబడాలి, పని అయ్యాక మూడు నెలలు దాచాలి. ఇంధనం నిల్వ చేసిన ట్యాంకులో వెల్డింగంటే మెరైన్ కెమిస్ట్ (ఓడల్లో గ్యాసు పరీక్షించే నిపుణుడు) సర్టిఫికెట్ కావాలి.

అసలు మాట వేరే ఉంది. ఇక్కడికి రాకముందు ఓ చోట నేను పర్మిట్లు (ట్యాంకులో దిగడానికిచ్చే అనుమతి కాగితాలు) తిరగేస్తుంటే 11 కాగితాల్లోనూ ఆక్సిజన్ 20.9. పొద్దున్న ఎనిమిదికీ అదే, భోజనం తర్వాతా అదే. ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత. గ్యాసు కొలిచే మీటరు ఏదంటే రెండు రోజులుగా స్టోర్లో చార్జింగులో ఉందన్నారు! మీ ఓనరు చెప్పే జిరాక్స్ ఫైలు అలాంటిదే.

గాజువాక_ఫ్యాబ్:
ఈ పోస్టు ఓనరుకి చదివి వినిపించా. కాసేపు గొణిగి, మీటరు తియ్యమన్నాడు. చూస్తే కాలిబ్రేషన్ (రీడింగ్ సరిగ్గా ఉందో లేదో సరిచూడడం) గడువు దాటింది. అద్దెకు తెచ్చాం, పని మంగళవారానికి పడింది. ఇంకో డౌటు: మ్యాన్‌హోల్ దగ్గర పెట్టిన పర్మిట్ చెమటకీ నీటికీ తడిసిపోతోంది. ఏం చేస్తున్నారు?

రిగ్గర్_శ్రీను:
పాలిథిన్ కవర్లో పెట్టి, బైండింగ్ వైరుతో రెయిలింగ్‌కి కట్టెయ్. బాల్ పెన్నుతోనే రాయించన్నా, జెల్ పెన్నయితే మధ్యాహ్నానికల్లా నీలం మరకే మిగుల్తుంది.