స్టాఫ్‌రూమ్‌ల పాఠాల ముచ్చటే రాదు, నా హుషారు గూడ తగ్గుతాంది, ఏం చేయాలె?

కొత్త_టీచరమ్మ:

అందరికీ నమస్తే. నాది 2024 డీఎస్సీ, 11,062 పోస్టులది, ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ టీచర్ను. అక్టోబర్‌ల ఎల్బీ స్టేడియంల ఆర్డర్లు ఇచ్చిన్రు కదా, దసరా అయిపోంగనే మహబూబాబాద్ జిల్లాల ఒక తండా బడిల జాయినయిన. ఐదు క్లాసులకు ఇద్దరమే టీచర్లం. నెల తిరగకముందే ఇంటింటి సర్వే డ్యూటీ పడ్డది, పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. అప్పుడు మస్తు ఏడుపొచ్చింది గానీ ఆ సర్వేతోనే తండాల ప్రతి ఇల్లు తెలిసింది, పత్తి ఏరేటప్పుడు ఏ పిల్ల ఇంట్ల చిన్న తమ్ముణ్ణి పట్టుకొని కూసుంటదో, మిర్చి సీజన్‌ల ఎవరు అమ్మానాన్నల ఎంట పోతరో అన్నీ తెలిసినయ్.

ఆడ మా సారు రోజూ సాయంత్రం తాళం వేసే ముందట ఒక్కటే అడిగేది, "ఇయ్యాల ఎవరికి ఏమొచ్చింది మేడం?" అని. నేను చెప్పాలె, తర్వాత ఆయన చెప్పాలె, ఐదు పది నిమిషాలు, గంతే. ఒకటో తరగతి పిల్లలకు ఇంట్ల లంబాడీ తప్ప తెలుగు రాదు, యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె అని ఆ మాటల కాంచి మొదలువెట్టి తెలుగులకు తీసుకరావాలె అని నాకు నేర్పింది ఆయననే. సాయంత్రం చెప్పాలె గదా అని పొద్దటి సంది నేను పిల్లలను గమనించేదాన్ని.

మొన్న జూన్‌ల వర్క్ అడ్జస్ట్‌మెంట్ అని, టీచర్లను వేరే బడులకు సర్దుతరు గదా, అండ్ల నన్ను హన్మకొండ దగ్గర పెద్ద బడికి పంపిన్రు. ఆరుగురం ఉన్నం, బిల్డింగ్ మంచిగుంది, నీళ్లున్నయ్. ఎవరూ చెడ్డోళ్లు కాదు, టైముకు వస్తరు, పాఠం చెప్తరు. కానీ స్టాఫ్‌రూమ్‌ల డీఏ, పీఆర్సీ, ట్రాన్స్‌ఫర్లు, సెప్టెంబర్ నుంచైతే టెట్ (టీచర్ల అర్హత పరీక్ష), ఇవే. మూడో తరగతి పిల్ల ఒకామె ఫస్ట్ టైం తనంతట తాను ఒక కథ మొత్తం చదివింది, నేను సంబురపడి చెప్తే ఒకరు "అయితది లే మేడం" అని మళ్ల ఫోన్ చూసుకున్నరు. ఒకరోజు చార్ట్ చేసుకుంట ఆగిపోతే ఒక సీనియర్ మేడం, మంచిగనే అన్నది, "మొదట్ల మేము గూడ గిట్లనే చేసినం అమ్మా" అని. ఆ మాట నా మనసుల నుంచి పోతలేదు. ఇప్పుడు నాలుగు కాంగనే నేను గూడ బ్యాగు సర్దుతాన్న. ఏడాది గూడ కాలేదు, అప్పుడే నేను ఇట్లయిపోతే ముప్పై ఏండ్ల సర్వీస్ ఎట్ల? తప్పు నాదేనా, బడిదా?

లెక్కల_సారు_హన్మకొండ:

చెల్లె, నాది 2001 డీఎస్సీ. ఐదు బడులు చూసిన. ఒక బడిల మా హెడ్మాస్టర్ వారానికోసారి నా క్లాసుకొచ్చి ఎనుక బెంచీల పిల్లల పక్కన కూసునేది, పెన్ను పట్టుకొని నా తప్పులు రాసుడు గాదు, ఏ పిల్లగాడు ఏడ ఆగిపోయిండో రాసి సాయంత్రం నాకిచ్చేది. ఆ మూడేండ్లు నేను పొలం కాడ గూడ లెక్కలే ఆలోచించిన. తర్వాత పోయిన బడిల ఆరేండ్లున్న, అటెండెన్స్ రిజిస్టర్ల సంతకం తప్ప నన్ను ఎవలు ఏమడగలే, ఎవల్ని నేనేమడగలే. అదే మనిషిని, అదే సబ్జెక్టు, జీతం ఇంకా పెరిగింది గూడ, కానీ ఆ ఆరేండ్లల్ల చెప్పిన ఒక్క క్లాసు నాకు యాదికి లేదు. ఇది రాస్తుంటే గూడ బాధైతాంది. అందుకే నీలనే ఏదో లోపముందని అనుకోకు.

ఇంకోటి. సీనియర్ల టెట్ ముచ్చట తేలికగ తీసుకోకు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది, రిటైర్ కానీకి ఇంకా ఐదేండ్ల కంటె ఎక్కువ సర్వీస్ మిగిలినోళ్లు రెండేండ్లల్ల టెట్ పాస్ కావాలె అని. ఇరవై ఏండ్లు పిల్లలకు చెప్పి, యాభై దగ్గర పడ్డంక రాత్రిపూట శిశు వికాసం పుస్తకం ముందటేసుకొని కూసుంటున్నరు, ఫెయిలైతే నౌకరి సంగతేంది అని. అసోంటి మనిషికి నీ సంబురం వినే ఓపిక ఆ నిమిషంల ఉండకపోవచ్చు. "మేము గూడ చేసినం" అన్న మేడంను పట్టుకో. ఏం చేసిన్రు మేడం, ఎట్ల చేసిన్రు అని అడుగు. నాకు తెలిసి ఆమెను ఆ మాట ఎవలు అడిగి ఉండరు.

ఎంఎడ్_విద్యార్థిని:

అక్కా, నా డిసర్టేషన్ టాపిక్ ఇదే కాబట్టి రాస్తున్నా. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ షౌఫెలీ వాళ్ళు పనిలో మనిషి ఎంత మనసుపెడుతున్నాడో చూడ్డానికి 17 వాక్యాల ప్రశ్నావళి చేశారు, అందులో మూడు చూస్తారు: పనిచేసేటప్పుడు హుషారు, ఈ పనికి అర్థముంది అన్న భావన, టైం తెలీకుండా మునిగిపోవడం. మీరు రాసినదాంట్లో రెండోది ఇంకా గట్టిగానే ఉంది, లేకపోతే ఇంత పెద్ద పోస్ట్ పెట్టరు. తగ్గుతున్నది మొదటిది. అది సాటి టీచర్ల సహకారం, మన పని గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పడం, ఇలాంటివాటి మీద చాలా ఆధారపడుతుంది. అమెరికాలో షికాగో బడుల మీద బ్రైక్, ష్నైడర్ అని ఇద్దరు చాలా ఏళ్ళు పనిచేసి 2002లో రాశారు, టీచర్లు, హెడ్మాస్టరు, తల్లిదండ్రుల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లో పిల్లల చదువు, లెక్కలు మెరుగుపడే అవకాశం ఎక్కువగా కనిపించింది అని. ఆ నమ్మకం మీటింగుల్లో పుట్టదు, రోజువారీ చిన్న మాటల్లో పుడుతుంది అంటారు. మీ తండా సారు తాళం వేసేముందు అడిగింది సరిగ్గా అదే.

ఇంచార్జి_హెచ్‌ఎం:

అంతా వాతావరణం మీద వేస్తే నేను ఒప్పుకోను. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రైమరీ బడిల 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే, తరగతులేమో ఐదు. ఒకరు సెలవు పెట్టినా ట్రైనింగ్‌కు పోయినా మిగిలినోళ్లకు ఐదు క్లాసులు. అదే చట్టం 27వ సెక్షన్‌ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడొద్దని ఉంది, ఆచరణల ఎట్లుందో అందరికి ఎరుకే. 2025 ఆగస్టు 1 నుంచి మాకు గూడ ఫేస్ అటెండెన్స్, సిగ్నల్ లేకపోతే గేటు కాడ ఫోన్ ఎత్తి నిలబడాలె, యూడైస్‌ల బడి వివరాల ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఇయన్నీ అయ్యేసరికి హెచ్‌ఎం ఎనుక బెంచీల ఎప్పుడు కూసోవాలె? లెక్కల సారు చెప్పిన హెడ్మాస్టర్ లెక్క ఉండాలని నాకూ ఉంటది.

అయినా ఒకటి చేసిన, చెప్తాన్న. శనివారం ఆఖరి పీరియడ్ పిల్లలను ఆటలకు ఇడిచి, వరండాలనే వాళ్ళు కనవడేతట్టు మేము నలుగురం అరగంట కూసుంటం. మినిట్స్ రాయం, ఫొటో గ్రూపుల పెట్టం. ఈ వారం నేను చెప్పిన ఏ పాఠం పిల్లలకు ఎక్కలే, ఒక్కొక్కటి చెప్పాలె. మొదటి రెండు వారాలు ఎవరు నోరు తెర్వలే. మూడో వారం నేనే చెప్పిన, నాలుగో తరగతికి భిన్నాలు మూడు రోజులు చెప్పిన, ఒక్కరికి రాలేదు, నాకు చేతనైతలేదు అని. అప్పుడు మా జూనియర్ సారు లేచి రొట్టె తుంపి చూపెట్టండి మేడం అన్నడు. అప్పటి నుంచి మాట్లాడుతున్నరు. సంతోషం ఏమన్న చెప్పున్రి అంటే మంది మొహమాటపడతరు, రానిది అడిగితే సాయం చేస్తరు.

వర్ధన్నపేట_రైతు:

మేడం నేను టీచర్ను కాదు, పిలగాని తండ్రిని. మా ఊర్లకు ప్రైవేటు బడి వ్యాన్లు మూడొస్తయ్. ఐనా మావోణ్ణి సర్కారు బడిల ఏసిన, ఎందుకంటె అప్పుడున్న మేడం కిరాణం కాడ కనవడ్డా గూడ ఆగి "అన్నా, మీవోడు ఇయ్యాల పదమూడో ఎక్కం తప్పు లేకుంట చెప్పిండు" అనేది. ఆ మాటకు ఆ రోజు నాకు పత్తి రేటు గూడ యాదికి రాలే. ఆమె బదిలీ అయి పోయింది. ఇప్పుడున్న సార్లు మంచోళ్లే, కానీ మావోడు ఎట్ల చదువుతాండో నాకు ఒక్కరు చెప్పలే, నేను గూడ అడుగలే, అడిగితే ఏమనుకుంటరో అని. మీ స్టాఫ్‌రూమ్‌ల ఎవలు ఇనకపోతే ఆ కథ చదివిన పిల్ల అమ్మకు చెప్పున్రి. ఆమె ఇంటది.

కొత్త_టీచరమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. వర్ధన్నపేట అన్నా, మీరు చెప్పినట్టు ఆ పిల్ల వాళ్ళమ్మకు చెప్పిన, గేటు కాడనే కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది.

నిన్న ఆ సీనియర్ మేడంను అడిగిన. సంతోషం ముచ్చట గాదు, రానిదే అడిగిన, హెచ్‌ఎం మేడం చెప్పినట్టు. 402ల నుంచి 178 తీసేయమంటే మా మూడో తరగతి మొత్తం నడిమిట్ల సున్నా కాడ ఆగిపోతున్నరు, అప్పు ఎవరి దగ్గర తీసుకోవాలె టీచర్ అంటున్నరు. ఆమె ఒక్క నిమిషం ఏం మాట్లాడలే. తర్వాత బీరువా కింది అర నుంచి ఒక పాత సంచి తీసింది. చీపురు పుల్లలు. పదులు దారంతో కట్టినయ్, పది పదులు కలిపి వంద కట్టలు. వంద కట్ట ఒకటి విప్పితే పది పదులైతయి, అందుల ఒక పది విప్పితే పది ఒకట్లు, అప్పుడు సున్నా కాడ ఏమున్నదో వాళ్ళే లెక్కపెట్టుకుంటరు, నువ్వు అప్పు అన్న మాటే అనకు అని చెప్పింది. ఆ సంచి తీసి ఎన్నేండ్లయిందో ఆమెకే యాదికి లేదట. మేము బల్ల మీద పరుస్తుంటే నాలుగో తరగతి సారు గూడ ఫోన్ పక్కకు పెట్టి వచ్చిండు, 500ల నుంచి తీసెయ్యిన్రి, రెండు సున్నాలుంటె చూద్దాం అన్నడు.

రేపు రెండో పీరియడ్ మేడం మా క్లాసుకు వస్తా అన్నది, ఆమె పిల్లలను గూడ తోలుకొస్తది, వరండాల కూసోబెడతం. పుల్లలు కొన్ని విరిగినయ్, దారాలు మురిగినయ్, రెండు వంద కట్టలు కొత్తయి కట్టాలె, ఇయ్యాల రాత్రి ఇంట్ల అదే పని మీదున్న.