సీరియల్లో నిజం చెప్పడానికి ఏళ్లు ఎందుకు పడుతుంది? అమ్మకీ నాకూ వాదన, మీరే చెప్పండి

గోదారిగట్టు:
మాది రామచంద్రపురం దగ్గర పల్లె. అమ్మకి 74 ఏళ్లు. మోకాలి ఆపరేషన్ అయ్యిందని పుట్టింటికి వచ్చి ఉంటున్నా. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా అమ్మ పక్కన టీవీ ముందే. ఇదివరకు సీరియల్ అంటే నాకు పక్కగదిలోంచి వినపడే రీరికార్డింగ్ మాత్రమే. ఇప్పుడు రోజూ చూస్తున్నా కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఏడుపులూ, గయ్యాళి అత్తలూ, పట్టుచీరతో పడుకోవడాలూ నాకు పెద్ద అభ్యంతరం కాదు. నా బాధల్లా ఒకటే. తెలిసిన మనిషి, తెలియాల్సిన మనిషికి చెప్పదు. చెప్పబోతే ఫోన్ మోగుతుంది. మళ్లీ చెప్పబోతే ఎవరో తలుపు తోసుకుని వస్తారు. ఉత్తరం రాస్తే ఫ్యాను గాలికి మంచం కిందకి పోతుంది. మొన్నొక రోజు గోడ గడియారం చూసి లెక్కపెట్టా. “మీకో విషయం చెప్పాలి” అన్నాక ఆవిడ నోరు తెరవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆలోపు గదిలో ఉన్న ఏడుగురి మొహాలూ మూడేసి సార్లు చూపించారు. తీరా ఆవిడ కళ్లు తిరిగి పడిపోయింది. అమ్మ మంచం మీద నుంచి “చెప్పెయ్యవే తల్లీ” అని అరుస్తూనే ఉంది.

అమ్మకి కార్తీక దీపం ప్రాణం. 2017 నుంచి 2023 దాకా 1500కు పైగా ఎపిసోడ్లు వచ్చింది కదా, పాతవి ఫోన్లో పెట్టమంటే పెట్టా. డాక్టరుబాబు తనకి పిల్లలు పుట్టరని నమ్మి భార్య దీపని అనుమానిస్తాడు. తానే డాక్టరు, ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయేదానికి అన్నేళ్లు! దీప వేషం వేసిన నటి వంటలక్కగా చేసిన పని మాత్రం నాకు చాలా నచ్చింది. గరిటె పట్టుకుని బిడ్డని పెంచుకునే మనిషి, చూపులో ఎక్కడా జాలి అడగదు. కానీ నలుపని అవమానాలు పడ్డ ఆడదాని కథ చెప్తూ, నటి మొహానికి మేకప్‌తో నలుపు పూశారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. నల్లగా ఉన్నవాళ్లలో నటించగలిగినవాళ్లు దొరకలేదా? మా చెల్లి నలుపు. అది టీవీలో వచ్చే రోజుల్లో చెల్లి పుట్టింటికొస్తే, సరిగ్గా ఆ టైముకి డాబా మీదకి వెళ్లి కూర్చునేది.

ఇదంతా అమ్మతో అన్నా. అమ్మ ఒకటే అంది: “మీ నాన్నా, మీ బాబాయీ గట్టు మీద కొబ్బరిచెట్టు కోసం పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఇద్దరిదీ ఒకే వీధి. ఎవడు నోరు విప్పాడే? సీరియల్ వాళ్లని అంటావేం?”

నాకు జవాబు తోచలేదు. నిజమే, మనుషులు ఏళ్లకేళ్లు మనసులో మాట దాచుకుంటారు. మరి తెర మీద అదే చూస్తే నాకు అబద్ధంలా ఎందుకు అనిపిస్తోంది? ఆ మాటల్లేనితనాన్ని సరిగ్గా చూపించినది ఏదైనా ఉంటే చెప్పండి, సినిమా అయినా సరే. అమ్మకి చూపిస్తా.

పోపులపెట్టె:
అమ్మాయ్, నువ్వు కూర్చుని చూస్తున్నావు, అక్కడ వచ్చింది తేడా. మేం పని చేసుకుంటూ వింటాం. నాలుగు నిమిషాలు మొహాలు చూపిస్తే నేను పోపు వేసి, చారు దింపి వచ్చేస్తాను, ఏమీ పోదు. మా ఆయన పోయాక ఇంట్లో సాయంత్రం పూట మనుషుల గొంతులు వినపడేది ఆ టీవీలోనే. కథ అయిపోతే ఆ ఇల్లు కూడా ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది నాకు. అందుకని సాగదీసినా నేనేమీ అనుకోను. నీకు సాగదీత పడదంటే అమృతం చూపించు. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. ఏ వారం తిప్పలు ఆ వారమే తేలిపోతాయి. అయితే మీ అమ్మగారికి కావలసింది నవ్వు కాదేమో.

కత్తెరపని:
హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు సీరియల్స్ ఎడిటింగ్ చేశాను, ఇప్పుడు మానేశాను. ఆ ఏడుగురి మొహాల సంగతి నాకు తెలుసు. ఆర్టిస్టులందరి డేట్లూ ఒకే రోజుకి కుదరవు. దొరికిన రోజున ఒక్కొక్కరి చేత కోపం, ఆశ్చర్యం, ఏడుపు విడివిడిగా తీసి ఉంచుతారు. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా ఇరవై రెండు నిమిషాలు నిండాలి. ఫుటేజీ తగ్గిన రోజు ఆ మొహాలే అతికిస్తాం. రాత్రి పదింటికి ఎపిసోడ్ పంపాల్సి ఉంటే, అప్పుడు కొత్త సీను ఎక్కడి నుంచి వస్తుంది?

గురువారం రేటింగ్స్ వస్తాయి. నంబరు బాగుంటే అప్పుడు నడుస్తున్న ట్రాక్‌ని, అంటే ఆ కథముక్కని పొడిగించమంటారు. నిజం బయటపడితే ట్రాక్ అయిపోయినట్టే, అందుకని రచయిత ఫోను మోగిస్తాడు. నేను చూసిన రచయితల్లో మంచి సీను రాయలేనివాడు ఒక్కడూ లేడు. రాసింది రాసినట్టు ఉంచుకోగలిగినవాడూ లేడు. ఇంకో సంగతి, హీరోయిన్లలో చాలామంది కన్నడ, మలయాళం నుంచి వచ్చినవాళ్లు. గొంతు ఇంకొకరిది, మైకు ముందు పెదాలకి మాట సరిపెట్టడమే పెద్ద పని. అందుకే గోదావరి కథైనా ఓరుగల్లు కథైనా అందరూ ఒకే తెలుగు మాట్లాడతారు.

మీ ప్రశ్నకి నా జవాబు ఇది. మీ నాన్నగారు మాట్లాడలేదంటే ఆయనలో ఏదో అడ్డుపడింది. మా పాత్ర మాట్లాడలేదంటే శనివారం దాకా లాగాలి కాబట్టి. కారణం మనిషి లోపల ఉందా, బయట ఉందా అన్నది మీకు తెలిసిపోతోంది. మీ అమ్మగారు తన కారణాన్ని అందులో పెట్టుకుని చూస్తున్నారు.

సిరిసిల్ల పోరడు:
అక్కా, బలగం సినిమా సూపియ్యి. 2023ల అచ్చింది, మా దిక్కే తీసిండ్రు. తాత సచ్చిపోతడు. పిట్టకు పెడితే కాకి ముట్టది. ఎందుకంటే ఇంట్ల బావబామ్మర్దులకు ఏండ్ల సంది మాటల్లేవు, దావత్‌ల నల్లి బొక్క (మూలుగ ఉండే ఎముక) కాడ లొల్లయ్యి. గింత దానికా అని బయటోళ్లు అంటరు. మాకు ఎరికే, అల్లునికి ఏసేది కూర గాదు, మర్యాద. గీడ ఫోన్ మోగుడు లేదు, తలుపు తోసుడు లేదు. ఇద్దరు ఎదురెదురుంగ కూసుంటరు, మాట మాత్రం రాదు.

మా ఊర్లె పంచాయతీ కాడ తెర కట్టి ఏసిండ్రు. ఆఖర్ల, కథలు పాడే బుడగజంగాల పాట అచ్చేటాళ్లకు మా పెద్దనాయిన తువ్వాల మొకానికి అడ్డం పెట్టుకున్నడు. నాకు నచ్చనిది గూడ చెప్త. మొదట్ల ఆ తాత మనుమని అప్పుల ముచ్చట జర ఎక్కువైంది. అది ఓర్సుకుంటే సాలు.

గోదారిగట్టు:
అందరికీ దండాలు. కత్తెరపని గారూ, మీ ఆఖరి మాట అమ్మకి చదివి వినిపించా. “అవును మరి” అంది, అంతే.

ఆదివారం బలగం పెట్టా. మొదట్లో యాస పట్టుకోలేక ఒకటికి రెండుసార్లు ఆపమంది. దావత్ అంటే విందని చెప్పా. తర్వాత అడగలేదు. నల్లి బొక్క దగ్గర నేను నవ్వా, అమ్మ నవ్వలేదు. “వడ్డనలో తేడా చేశాక ఇంకేం మిగిలింది?” అంది. ఆ అప్పుల గొడవ నాకూ ఎక్కువే అనిపించింది తమ్ముడూ. కానీ కాకి కోసం అందరూ పైకి చూస్తూ నిలబడ్డప్పుడు నాకు ఊపిరాడలేదు.

సినిమా అయ్యాక అమ్మ చాలాసేపు ఊరుకుని, “మీ బాబాయి పదోరోజున కాకి ఎప్పుడొచ్చిందో తెలుసా? మధ్యాహ్నం రెండు దాటాక. మీ నాన్న ఒక్కడూ ముందుకెళ్లి, చెట్టు నీ పిల్లలదేరా అన్నాకే వచ్చింది” అంది.

ఆ రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నా, లోపల విస్తళ్లు సర్దుతున్నా. ఎనిమిదేళ్లయింది. ఈ సంగతి నాతో ఎవరూ అనలేదు. నాన్న ఇప్పుడు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఇంకా అడగలేదు.