ఉగ్రస్తంభం దారిలో ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలి?

మొన్న నేనూ మా తమ్ముడూ ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం కొండ ఎక్కుతున్నాం. జ్వాలా నరసింహస్వామి గుడి దాటాక, రాళ్లు పట్టుకుని పాకాల్సిన చోట, ఇరవై అడుగుల్లో ఎలుగుబంటి! వీపు మీద పిల్ల. ముక్కు పుట్టలో పెట్టి బుస్సున ఊదుతూ చెదలు పీల్చుకుంటోంది. తమ్ముడు పరుగందుకోబోతే చెయ్యి పట్టి ఆపాను. చప్పుడు చేయకుండా మెల్లగా వెనక్కి దిగాం. అది తలెత్తి గాలి వాసన చూసి మళ్లీ తవ్వుకోసాగింది. ఆ స్వామి దయ.

నల్లమలలో తిరిగినవాళ్లు, ముఖ్యంగా చెంచు అన్నలు చెప్పండి. ఎలుగుకు చూపు తక్కువ కదా, కర్ర తాటిస్తూ గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే ముందే తప్పుకుంటుందా? మీదికొస్తే మెడ కాపాడుకుంటూ బోర్లా పడుకోవాలా, కర్రతో అదిలించాలా? వచ్చేసారి అమ్మను జ్వాలా దాకా తీసుకెళ్లాలి, అందుకే అడుగుతున్నాను.